బిందెలో కెరటాలు

నీళ్ళతో ఆడవాళ్ళకున్నంత పరిచయం మగవాళ్ళకు లేదు. తెల్లవారకముందే వాకిట్లో కళ్ళాపి చల్లడం దగ్గర మొదలై, రాత్రి అంట్లు తోమి గాబు మీద మూత పెట్టేదాకా నీళ్ళు మన చేతుల్లోనే వుంటాయి. కనుక నీటి మీద లేచే అలల సంగతి చెప్పవలసివస్తే, ఆ కథను సముద్రం దగ్గర గాక బిందె దగ్గర మొదలుపెట్టడమే న్యాయం. నిజానికి చరిత్ర కూడా అలాగే నడిచింది. అలల గురించి మనిషి తెలుసుకున్న ముఖ్యమైన సంగతుల్లో కొన్ని చెరువుగట్టున బయటపడితే, కొన్ని వంటగిన్నెల మధ్య బయటపడ్డాయంటే నమ్ముతారా?

తిరువూరు ప్రాంతంలో వినగడప అని ఒక ఊరుంది. నిన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. పక్కనే కట్టలేరు. ఆ నీళ్ళు చివరకు మునేటి దారిన కృష్ణలో కలుస్తాయి. అలాంటి ఊళ్ళలో కుళాయిలు రాకముందు చెరువులో నీళ్ళు ముంచుకోవడానికి ఒక ఒడుపుండేది. బిందె అడుగుతో నీటిని అటూ ఇటూ నెట్టి, పైన తేలే నాచునూ ఆకులనూ పక్కకు తప్పించి, గబుక్కున ముంచుకోవాలి. బిందె తగలగానే లేచిన అల గుండ్రంగా సాగి సాగి అవతలి గట్టుదాకా పోతుంది. కానీ దారిలో తేలుతున్న తామరాకును చూడండి. అల వచ్చినప్పుడు కాస్త పైకి లేస్తుంది, అల దాటిపోగానే కిందికి దిగుతుంది, వున్నచోటనే వుంటుంది. అల నీటిని మోసుకుపోయేదే అయితే ఆకు కూడా అవతలి గట్టు చేరాలి గదా! చేరదు. మరి గట్టుకు చేరినదేమిటి?

చేరింది కదలిక మాత్రమే. వీధి చివరింట్లో పుట్టిన కబురు సాయంత్రానికల్లా వీధి మొదట్లో ఇంటికి చేరుతుంది. ఎవరి ఇల్లూ కదలలేదు, ఎవరి గుమ్మంలో వాళ్ళే నిలబడి పక్కవారికి చెప్పారు. కబురు మాత్రం వీధంతా నడిచింది. అలా, నీటిలో ప్రతి బొట్టూ తన చోటనే చిన్న సున్నా చుట్టి పక్కబొట్టును కదిలిస్తుంది. కిందికి పోయినకొద్దీ ఆ సున్నాలు చిన్నవవుతాయి. ఒక అల తలకూ దాని వెనక అల తలకూ ఎంత దూరమో అందులో సగం లోతుకు వెళితే, అక్కడ నీటికి పైన అల పోతున్న సంగతే దాదాపుగా తెలియదు.

ఇంత చిన్న సంగతిని మాటల్లో పెట్టడానికి మనుషులకు చాలాకాలం పట్టింది. మన దేశంలో దీన్ని ముందుగా పట్టుకున్నవాళ్ళు నైయాయికులు. వాళ్ళకు అల మీద మోజు లేదు. వాళ్ళ ప్రశ్న వేరు: ఎక్కడో భేరి మోగితే ఇక్కడున్న నా చెవికి ఎలా వినిపిస్తోంది? దానికి వాళ్ళు చెప్పిన జవాబు పేరు వీచీతరంగ న్యాయం. నీటిలో ఒక అల ఇంకో అలను పుట్టించినట్టు, ఒక శబ్దం ఇంకో శబ్దాన్ని, అది మరో శబ్దాన్ని పుట్టిస్తూ చెవిదాకా వస్తుందన్నారు. భేరి దగ్గర పుట్టిన శబ్దం మనకు వినిపించదు, దాని మునిమనవరాలో, ఆ మునిమనవరాలి మునిమనవరాలో వినిపిస్తుందన్నమాట! ఇంకొందరు అల ఉపమానం చాలదన్నారు. అల నీటి మీద బల్లపరుపుగానే సాగుతుంది, శబ్దం పైకీ కిందికీ అన్ని వైపులకూ పోతుంది. కనుక కడిమి మొగ్గ ఒక్కసారిగా అన్ని వైపులకూ విచ్చుకున్నట్టు అనుకోవాలన్నారు. దాన్ని కదంబముకుళ న్యాయం అంటారు.

ఈ తర్కశాస్త్రాన్ని పిల్లలకు సైతం అర్థమయ్యేలా తర్కసంగ్రహమనే చిన్న పుస్తకంగా కూర్చిన అన్నంభట్టు మన తెలుగువాడే. పదిహేడో శతాబ్దంలో కాశీ వెళ్ళి పండితుడై పేరు తెచ్చుకున్నాడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని సామెత కూడా పుట్టింది. తన పుస్తకానికి తానే రాసుకున్న వ్యాఖ్యలో ఆయన భేరి నుంచి చెవిదాకా సాగే ఈ శబ్దాల వరసను చెప్పాడు. శబ్దానికి ఆధారం గాలి కాదు ఆకాశమని న్యాయమతం. ఆ మాట ఇవాళ నిలవదు. కానీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వస్తువు రాకుండానే కదలిక రాగలదన్న అసలు సంగతి చెక్కుచెదరలేదు.

చిత్రమేమిటంటే క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దంలో రోములో విట్రూవియస్ అనే వాస్తుశిల్పి నాటకశాలలు కట్టడం గురించి రాస్తూ, మనిషి గొంతు కూడా నీటిలో రాయి వేస్తే లేచే వలయాల్లాగే సాగుతుందనీ, అయితే వలయాలు బల్లపరుపుగా పోతే గొంతు పైకి కూడా పోతుందనీ అన్నాడు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు వేర్వేరు చెరువుల గట్టున నిలబడి ఒకే సంగతి గమనించారు. ఆ తరువాత పదిహేనువందల యేళ్ళకు ఇటలీలో లియొనార్డో డావించీ, గాలికి పైరు మీద అలలు పరుగెడుతుంటే కంకులు మాత్రం ఉన్నచోటనే వుంటాయి, నీటి అలా అలాంటిదేనని రాసుకున్నాడు. ఆయన చూసింది గోధుమచేను కావచ్చు. మన వరిచేను గట్టున నిలబడ్డా అదే కనబడుతుంది.

ఇక వంటింటి కథకు వద్దాం. 1757లో అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఓడలో ఇంగ్లండుకు పోతున్నాడు. చుట్టూ ఎన్నో ఓడలు. అన్నిటి వెనకా నీళ్ళు అల్లకల్లోలంగా వుంటే, రెండు ఓడల వెనక మాత్రం నునుపుగా వున్నాయి. ఎందుకని కెప్టెన్‌ని అడిగితే, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసి, వంటవాళ్ళు జిడ్డునీళ్ళు పారబోసి వుంటారన్నాడట. ఆ కెప్టెన్‌కు పాతబడిపోయిన సంగతి ఫ్రాంక్లిన్‌ని మాత్రం వదలలేదు. తరువాత లండన్ దగ్గర క్లాపమ్ అనే చోట, గాలికి అలలు లేస్తున్న చెరువులో ఒక చెంచాడు నూనె పోసి చూశాడు. నూనె పరుచుకుంటూ పరుచుకుంటూ పోయి అర ఎకరం మేర, అంటే మన లెక్కలో యాభై సెంట్లు, నీళ్ళు నిలకడపడిపోయాయి. 1774లో ఈ సంగతి అచ్చయింది.

ఎందుకలా జరిగింది? గాలి నున్నటి నీటిని పట్టుకోలేదు. ముందు సన్నటి ముడతలు లేవాలి, ఆ ముడతలను పట్టుకుని గాలి నీటిని తోయాలి, అప్పుడే పెద్ద అల పెరుగుతుంది. నూనెపొర ఆ సన్నటి ముడతల్నే అణిచేస్తుంది. దాంతో గాలికి పట్టు దొరకదు.

ఇందులో ఇంకో రహస్యం వుంది. చెంచాడు నూనెను యాభై సెంట్ల మీద పరిస్తే ఆ పొర మందమెంత? మిల్లీమీటరును నాలుగు లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. నూనె అణువులు ఒకదాని పక్కన ఒకటి నిలబడితే అంత మందముంటుంది. ఫ్రాంక్లిన్ ఆ లెక్క వేయలేదు. వేసి వుంటే అణువు కొలతను చెంచాతో కొలిచినవాడయ్యేవాడు. ఆ లెక్క తేలడానికి మరో వందేళ్ళకు పైగా పట్టింది. అందులో ముఖ్యమైన చెయ్యి అంట్లు తోముతున్న ఒక అమ్మాయిది.

ఆ అమ్మాయి పేరు ఆగ్నెస్ పోకెల్స్. 1862లో వెనిస్‌లో పుట్టింది. తండ్రి సైన్యంలో పనిచేసి, ఆరోగ్యం చెడి, ఉద్యోగం మానుకోవడంతో కుటుంబం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో స్థిరపడింది. ఆగ్నెస్‌కు భౌతికశాస్త్రమంటే ప్రాణం. కానీ ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం తలుపులు తెరవలేదు. తమ్ముడు ఫ్రెడరిక్ చదువుకోవడానికి వెళ్ళాడు, అక్క అమ్మానాన్నలకు సేవ చేస్తూ ఇంట్లో వుండిపోయింది. ఆ తమ్ముడు మంచివాడు, తన పుస్తకాలు అక్కకు పంపేవాడు. మన ఇళ్ళలోనూ అన్నదమ్ముల పాఠాలు చాటుగా విని చదువు నేర్చుకున్న పిన్నులూ, పెద్దమ్మలూ ఎంతమంది లేరు?

ఆగ్నెస్‌కు దొరికిన ప్రయోగశాల వంటిల్లే. అంట్లు కడిగిన నీటి మీద జిడ్డు చేసే చిత్రాలను పద్దెనిమిదో యేట నుంచే గమనించింది. ఇరవయ్యో యేట ఒక రేకుతొట్టి సంపాదించి, దాని నిండా నీళ్ళు పోసి, అడ్డంగా ఒక రేకుముక్క పెట్టింది. ఆ ముక్కను అటూ ఇటూ జరిపితే నీటి పైభాగంలోని జిడ్డుపొరను కావలసినంత నొక్కవచ్చు, వదలవచ్చు. నీటి మీద ఒక చిన్న గుండీ ఆనించి, దాన్ని పైకి లాగడానికి ఎంత బరువు కావాలో త్రాసుతో తూచింది. నీటి పైపొరకు వుండే బిగువును, అంటే తలతన్యతను, ఆ విధంగా కొలిచింది. ఆ బిగువును మీరూ చూడవచ్చు. పళ్ళెంలో నీళ్ళు పోసి పైన కాస్త మిరియాల పొడి చల్లండి. మధ్యలో సబ్బు తగిలిన వేలు ఆనించండి. పొడి ఒక్క ఉదుటున అంచులకు పారిపోతుంది. వేలు తగిలినచోట బిగువు సడలింది, అంచుల్లో బిగువు అలాగే వుంది, అది లాక్కుపోయింది.

పదేళ్ళు ఒంటరిగా చేసిన ఈ పనిని ఆగ్నెస్ 1891 జనవరిలో ఒక ఉత్తరంగా రాసి, ఇంగ్లండులో అవే విషయాల మీద కృషి చేస్తున్న లార్డ్ రేలీకి పంపింది. ఆయన ఆ ఉత్తరం పక్కన పడెయ్యలేదు. ఆయన భార్య దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేసింది. ఆయన స్వయంగా సిఫారసు చేసి, అదే యేడు మార్చి 12న పేరున్న ‘నేచర్’ పత్రికలో అచ్చు వేయించాడు. 1932లో, డెబ్భయ్యో యేట, బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆవిడకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అదే సంవత్సరం నీటిమీది పొరల పరిశోధనకు అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్‌మ్యూర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వాడిన తొట్టి ఆగ్నెస్ తొట్టికి పిల్ల వంటిది. ఇవాళ ప్రయోగశాలల్లో ఆ తొట్టిని ఎక్కువగా పిలిచేది లాంగ్‌మ్యూర్ పేరుతోనే. ఆగ్నెస్ 1935లో కన్నుమూసింది.

ఈ పైపొర బిగువుకూ అలలకూ వున్న సంబంధాన్ని లార్డ్ కెల్విన్ అని తరువాత పేరుపడ్డ విలియం థామ్సన్ 1871లో తేల్చాడు. అల లేచిన నీటిని తిరిగి సమం చేసేవి రెండు: ఒకటి నీటి బరువు, రెండోది పైపొర బిగువు. పెద్ద అలలను బరువు లాగుతుంది, సన్నటి ముడతలను బిగువు లాగుతుంది. రెంటికీ సరిహద్దు అల వెడల్పు 1.7 సెంటీమీటర్లు. సరిగ్గా ఆ వెడల్పున్న అలది అన్నిటికన్నా తక్కువ వేగం, సెకనుకు 23 సెంటీమీటర్లు. మన కొలతలో జానెడు. ఇంతకన్నా నెమ్మదిగా లోతు నీటి మీద ఏ అలా నడవదు.

ఇది చూడటానికి ఓడలక్కరలేదు. కట్టలేరు లాంటి ఏటిలో నీళ్ళు తేటపడ్డాక చీలమండ లోతున నిలబడండి. నీరు సెకనుకు జానెడు దాటని వేగంతో పోతుంటే కాలి చుట్టూ ఏ గీతా వుండదు. వేగం కాస్త పెరగగానే కాలికి ఎగువ వైపున దువ్వెన పళ్ళలా సన్నటి ముడతలు ఏర్పడతాయి, దిగువ వైపున వెడల్పాటి అలలు ఏర్పడతాయి. రెండూ కదలకుండా నిలబడి వుంటాయి. చెరువులో నీళ్ళు నిలిచి అల పోయింది. ఏటిలో నీళ్ళు పోతూ అల నిలిచింది. అల ఎంత వేగంగా ఎదురు నడుస్తోందో నీరు అంతే వేగంగా దాన్ని వెనక్కు తోస్తోంది గనుక మన కంటికి నిలిచినట్టుంటుంది.

ఇది వేడుక కోసం చెప్పే మాట కాదు. వానాకాలంలో వాగులు పొంగి చప్టాల మీదుగా పారినప్పుడు బడికి పోయే పిల్లలూ, పురిటికి పోయే ఆడవాళ్ళూ అవతలికి దాటవలసిన ఊళ్ళు మనకు చాలా వున్నాయి. పోటు మీదున్న నీటిలో ఒకేచోట కదలకుండా అల నిలిచివుంటే, దానికి కాస్త ఎగువన నీటి అడుగున బండో, గుంటో, కోసుకుపోయిన రోడ్డు అంచో వుండి వుండవచ్చు. పైకి కనబడని లోతును ఆ అల చెబుతోంది. మోకాటిలోతే గదా అని అటు అడుగువేయరాదు. అసలు పోటు తగ్గేదాకా ఆగడమే తెలివి.

లోతుకూ అలకూ వున్న ఈ చుట్టరికం ఇంకో సంఘటనతో లోకానికి బాగా తెలిసింది. 1834 ఆగస్టులో స్కాట్లండులో ఎడింబరో దగ్గర ఒక కాలవలో గుర్రాలు పడవను లాగుతున్నాయి. పడవ ఉన్నట్టుండి ఆగిపోయింది. పడవ ముందున్న నీరు మాత్రం ఆగలేదు. అడుగో అడుగున్నరో ఎత్తు, ముప్ఫై అడుగుల పొడవు నున్నటి గుట్టలా లేచి కాలవ వెంట సాగిపోయింది. స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు గుర్రమెక్కి మైలు పైనే దాని వెంటబడ్డాడు. ఇంటికి వచ్చి తొట్టె కట్టి పరీక్షలు చేశాడు. అలాంటి అల వేగం నీటి లోతును బట్టి వుంటుందని చూపించాడు. లోతెక్కువైతే వేగమెక్కువ, లోతు తగ్గితే వేగం తగ్గుతుంది. అలాంటి ఒంటరి అల వుండదని పెద్దలు చాలాకాలం వాదించారు. 1895లో హాలెండు శాస్త్రజ్ఞులు కోర్టెవెగ్, డి వ్రీస్ అలా వుండగలదని లెక్కకట్టి చూపించారు. అప్పటికి రస్సెల్ చనిపోయి పదమూడేళ్ళయింది.

ఇప్పుడు సముద్రం దగ్గరకు వెళదాం. ఇంతవరకూ చెప్పిన అలలన్నీ నీటిని మోసుకురానివి. కానీ మన కోస్తా ఎరిగిన ఉప్పెన అలాంటిది కాదు. 1864 నవంబరు 1న బందరు మీద విరుచుకుపడి దాదాపు ముప్ఫైవేల మందిని పొట్టన పెట్టుకున్నది, 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పదివేలకు పైగా ప్రాణాలు తీసుకున్నది ఈ ఉప్పెనే. తుపాను గాలి గంటల తరబడి సముద్రాన్ని ఒడ్డువైపు తోస్తుంది. తుపాను నడిమధ్య గాలి బరువు తగ్గడంవల్ల నీరు పొంగేది మూరెడు, మూరెడున్నర మాత్రమే. మిగతాదంతా గాలి తోసి పోగుచేసిన నీరు. మన తీరం దగ్గర సముద్రం చాలాదూరం దాకా లోతు తక్కువ. నేలా పల్లమే. పోగైన నీరు వెనక్కి పోలేక, పైకి లేచి, లోపలికి వస్తుంది. దివిసీమలో అది ఐదు మీటర్ల ఎత్తున వచ్చింది. ఇక్కడ తామరాకు ఉన్నచోట వుండదు. నీరే వస్తుంది, తనతో మనిషినీ, పశువునూ, ఇంటికప్పునూ తీసుకుపోతుంది. పుట్టినప్పటి నుంచీ కెరటాలు చూసిన పల్లెకారులు కూడా దాని ముందు నిస్సహాయులయ్యారంటే కారణం ఇదే. కెరటం వస్తుంది, పోతుంది. ఉప్పెన వచ్చి కూర్చుంటుంది.

సునామీ ఇంకో రకం. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగున నేల కదిలి, అడుగు నుంచి పైదాకా వున్న నీరంతా కదిలింది. నాలుగు కిలోమీటర్ల లోతు నీటిలో అలాంటి అల గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది. నడిసంద్రంలో పడవవాళ్ళకు తెలియనుకూడా తెలియదు, ఎత్తు అంత తక్కువ. ఒడ్డుకు వచ్చేసరికి రస్సెల్ చెప్పినట్టు లోతు తగ్గి ముందుభాగం నెమ్మదిస్తుంది, వెనకభాగం వచ్చి దానిమీద పడుతుంది, అల లేస్తుంది. ఆ రోజు మార్గశిర పౌర్ణమి. బందరు దగ్గర మంగినపూడిలో సముద్రస్నానానికి వచ్చినవాళ్ళు కూడా ఆ అలకు చిక్కారు. మన రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు. భూమి కదిలిన తరువాత అల మన ఒడ్డు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. నీరు తన కబురు తాను మోసుకువచ్చింది. మనిషి కబురు మాత్రం రాలేదు.

ఆ కబురు పంపడం ఇప్పుడు నేర్చుకున్నాం. 1977 తరువాత కోస్తా అంతటా తుపాను రక్షణ భవనాలు లేచాయి, హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మే నెలలో పెద్ద తుపాను వచ్చినప్పుడు జనాన్ని ముందే తరలించారు, చనిపోయినవాళ్ళు వెయ్యికి లోపే. వెయ్యి చిన్న సంఖ్య కాదు, కానీ పదివేలతో పోల్చి చూడండి. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం, సముద్రమే కనిపించని హైదరాబాదులో కూర్చుని రాత్రింబగళ్ళు హిందూ మహాసముద్రాన్ని కనిపెట్టి వుంటోంది.

అయితే చివరి కబురు చెప్పవలసింది ఇంట్లోనే. కార్తీకస్నానాలకో, సెలవలకో పిల్లల్ని తీసుకుని సముద్రానికి వెళ్ళేవాళ్ళు మూడు మాటలు చెప్పి వుంచండి. సముద్రం ఉన్నట్టుండి వెనక్కుపోయి ఇసుక బయటపడితే గవ్వలకోసం పరుగెత్తకూడదు, ఎత్తుకు పరుగెత్తాలి. ప్రతిసారీ అలా వెనక్కు పోకుండానే సునామీ రావచ్చు గనుక, ఒడ్డున వుండగా భూమి గట్టిగా కదిలినా అంతే. ఒక అల వచ్చిపోయిందని తిరిగి కిందికి దిగకూడదు, తరువాతది ఇంకా పెద్దది కావచ్చు. పిల్లలు ఎందుకని అడుగుతారు. అడగనివ్వండి. ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక ఆకు వేసి, వేలితో తట్టి చూపించండి. జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.